అవతలివాళ్ళ కుర్చీ

మొన్న సోమవారం పొద్దున్న నేను కోర్టుకు బయలుదేరి బూట్లు వేసుకుంటుంటే మా ఆఫీసు గుమాస్తా గారు ఫోన్ చేశారు. "లాయరమ్మ గారు పోయేరండి" అన్నారు. రెండో బూటు పక్కన పెట్టాను. ఆయనే మళ్ళీ అందుకున్నారు. "కష్టపడలేదండి. లేచేరండి, టీ తాగేరండి, గుమ్మంలో మొక్కలకి నీళ్ళోసేరండి. కుర్చీలో కూచుని పేపరు విప్పేరండి. అంతేనండి, ఆయ్."

ఆవిడకు ఎనభై దాటాయి. పేపరు ఒళ్ళోనే ఉందట, కళ్ళజోడు ముక్కు మీదే ఉందట. ఎవరినీ కంగారుపెట్టకుండా, గొంతు పెంచకుండా వెళ్ళిపోయారు. నాకు ఏడుపు వచ్చిన మాట నిజం. కానీ ఒక బూటుతో అలాగే మెట్టు మీద కూచుని కళ్ళు తుడుచుకుంటుంటే, ఇంత చక్కటి మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను కదా అని ఒక తృప్తి కూడా కలిగింది.

ఆవిడ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. అమలాపురం కోర్టులో సివిల్ కేసులు చేసిన లాయరు, నాకు సీనియరు. ఊళ్ళో అందరికీ లాయరమ్మ గారు. ఇక్కడ నేనూ అలాగే పిలుస్తాను. పేరు పెట్టి రాస్తే, "నా పేరుతో ఏం పని బాబూ, కేసు సంగతి చెప్పు" అనేవారు.

నన్ను ఆవిడ దగ్గరికి చేర్చింది మా అమ్మ. చేర్చింది అనేకన్నా, చేపలతో పాటు అంటగట్టింది అనడం న్యాయం.

మాది సముద్రం ఒడ్డున ఒక ఊరు. నాన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ చేపల బుట్టతో బస్సెక్కి అమలాపురం వచ్చి వీధి వీధీ తిరిగి అమ్మేది. మా అమ్మ నోరు పెద్దది. బుట్ట కింద పెట్టమన్న కండక్టర్లు ఆ బస్సు రూటే మార్పించుకునేవారని మా ఊళ్ళో చెప్పుకునేవారు. అలాంటి తల్లికి నేను పుట్టాను. చుట్టాలొస్తే పెరట్లోకి పోయేవాణ్ణి. కొట్లో ఉప్పు అడగడానికి కూడా అందరి వెనక నుంచుని, నావంతు వచ్చినా ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి. డిగ్రీ అయ్యాక లా చదివాను. పుస్తకాలు మనిషిని నిలదీయవు కాబట్టి చదువు బాగానే సాగింది. పట్టా చేతికొచ్చాక మొదలైంది అసలు గొడవ.

"లాయరంటే గొంతుండాలిరా. బల్ల గుద్దితే జడ్జీ గారి కలం ఎగిరిపడాలి" అని ఒకరు. "మొహంలో ఆ కళ లేదు, జాలిమొహం" అని ఇంకొకరు. మా మావయ్య అయితే నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పాడు: "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. పెళ్ళికే వెయ్యి కావాలంటే కేసుకెన్ని కావాలో ఆలోచించుకో. నువ్వు ఒక్కటాడితేనే చెవులు ఎర్రబడతాయి." ఆ మాట అన్నప్పుడు కూడా నా చెవులు ఎర్రబడ్డాయి. మావయ్యకు రొయ్యల మేత కొట్టు ఉంది. అందులో కూచోమని ఆయన ప్రతిపాదన. మంచి మనసుతోనే అన్నాడు.

మా అమ్మ చేపలమ్మే వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఎంత చెబితే అంతా ఇచ్చి, "సరేనండి" అని చేప పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. బేరమాడని మనిషంటే మా అమ్మకు ఒళ్ళు మంట. "బేరమాడకపోతే చేపకి పరువేముంటాదండి" అని ఒకసారి తనే దెబ్బలాడి ధర తగ్గించి వచ్చిందట. ఆవిడ లాయరని గుమాస్తా గారి ద్వారా తెలిసిన రోజున మా అమ్మ బుట్ట అరుగు మీద దింపి అలా చూస్తూ నుంచుందట.

"మీరు లాయరాండీ? మీరే లాయరయ్యేరంటే మావోడు జడ్జీ అయిపోతాడండి" అందట.

దానికి లాయరమ్మ గారు పొట్ట పట్టుకుని నవ్వి, "అయితే తీసుకురండి మీవాణ్ణి" అన్నారట.

నేను వెళ్ళిన రోజు మా అమ్మే అంతా మాట్లాడింది. "నోట్లో వేలెడితే కొరకలేడండి. ఏం చేస్తారో మీ దయండి."

"కొరికేవాళ్ళు కోర్టు నిండా ఉన్నారండి. కొరకనివాడు ఒక్కడుంటే నష్టమేముందండీ?" అని, ఆవిడ నా వైపు తిరిగారు. "అబ్బాయ్, వినడం వచ్చా?"

"వచ్చండి" అన్నాను. ఆ రోజంతటికీ నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"మిగతావి నేర్చుకోవచ్చు" అన్నారు. రేపటినుంచి రమ్మన్నారు.

ఆఫీసంటే ఆవిడ ఇంటి ముందు వసారాయే. ఆవిడది పాతకాలం నుంచి క్రైస్తవ కుటుంబం, తండ్రి బడిపంతులు. ఆ రోజుల్లో ఆడపిల్ల లాయరవుతానంటే, అదీ ఇంత నెమ్మదస్తురాలు, చర్చిలో కూడా నవ్వారట. ఆ సంగతి ఆవిడ చాలా సరదాగా చెప్పేవారు. "పాటల బృందంలో కూడా నన్ను వెనక వరసలో నిలబెట్టేవారు బాబూ, వినబడదని." ఆదివారం చర్చి నుంచి వస్తూ పొట్టిక్కలు, అదే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, కట్టించుకొచ్చేవారు. అవి చల్లారిపోయి ఉంటే మాత్రం ఆ నెమ్మదితనం ఏమైపోయేదో, గుమాస్తా గారు వంటింటి వైపు వెళ్ళేవారు కాదు. కోర్టులో వాదించేటప్పుడు బల్ల కింద చెప్పులు విప్పేసుకోవడం ఆవిడ అలవాటు. ఒకసారి పక్క లాయరు కాలు తగిలి చెప్పు ఎక్కడికో జరిగిపోతే, ఒక్క చెప్పుతోనే లాయర్లు కూచునే బార్ రూముకు నడిచి వెళ్ళి టీ తాగారు.

ఇక ఆవిడ పనిచేసే తీరు చెప్పాలి. అలాంటిది నేను మరెక్కడా చూడలేదు.

కేసు తెచ్చిన పార్టీ రాగానే గుమాస్తా గారు ఒక కొబ్బరి బొండం కొట్టి చేతికిచ్చేవారు. అది తాగేదాకా కేసు మాట ఎత్తకూడదు. వచ్చినవాడు ఎంత కోపంతో ఊగుతున్నా సరే. "బొండం తాగుతూ ఎవరూ తిట్టలేరు బాబూ" అనేవారు ఆవిడ. నిజమే. బొండం ఎత్తిపట్టుకుంటే మెడ వెనక్కి వాలుతుంది, గుటక గుటకకూ మనిషి కాస్త నిదానిస్తాడు. తరవాత అతని గోడు మొత్తం వినేవారు. అడ్డు తగిలేవారు కాదు. అంతా అయ్యాక కిటికీ పక్కనున్న పేము కుర్చీ చూపించేవారు. తగువు బావతో అయితే ఇలా అనేవారు.

"ఇప్పుడు అటు కూచోండి. మీరు మీ బావగారు. ఈ సంగతి ఆయన ఎలా చెబుతారో చెప్పండి. ఆయన చెప్పినట్టే చెప్పాలి, వెటకారం వద్దు."

అది అవతలివాళ్ళ కుర్చీ. దాంట్లో కూచుని ఎదుటివాడి కథ ఎదుటివాడిలా చెప్పలేని మనిషి కేసు ఆవిడ పట్టేవారు కాదు. "ఫీజిచ్చి ఆడి మాట నేను చెప్పాలాండీ?" అని లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, "ఓసారి మా బావతో మాట్లాడి వస్తానండి" అని వెళ్ళి, ఇక రానివాళ్ళూ ఉన్నారు. బార్‌లో మా ఆఫీసుకు సండే స్కూలని పేరు పెట్టారు. ఆవిడ దానికీ నవ్వేవారు. గుమాస్తా గారు మాత్రం, "ఇలాగైతే మనకి బొండాలు మిగుల్తాయి, కేసులు మిగలవండి" అని గొణిగేవారు.

నేను వింటూ, కాగితాలు రాస్తూ బాగానే ఉన్నాను. కోర్టులో నోరు విప్పాల్సి వచ్చేసరికి వచ్చింది చిక్కు. ఒకరోజు ఆవిడకు ఒంట్లో బాగోక, ఒక వాయిదా అడిగి రమ్మని నన్ను పంపారు. లేచి నుంచుని వాయిదా ఇప్పించమని అడగాలి, అంతే. పేరు పిలిచారు. లేచాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. జడ్జీ గారు రెండుసార్లు అడిగి, వెనకనున్న గుమాస్తా గారిని చూసి తనే వాయిదా ఇచ్చేశారు. కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

"నా వల్ల కాదండి. మా మావయ్య కొట్లో కూచుంటానండి. లాయరుకి ఉండాల్సిన మనిషిని కానండి నేను."

ఆవిడ వద్దనలేదు. "సరే, మానెయ్యి. చెరువు కేసులో ఆ తాతగారిని క్రాస్ చేసి మానెయ్యి. నాకు దగ్గు తగ్గలేదు" అన్నారు.

అవతలి సాక్షిని ఎదురు ప్రశ్నలడిగి అతని మాట పరీక్షించడాన్ని మేం క్రాస్ చేయడమంటాం. వాయిదా అడగలేనివాణ్ణి క్రాస్ చెయ్యమంటున్నారు. ఈతరానివాణ్ణి నది మధ్యలో పడవ దించేసినట్టుంది నా పని.

ఆ కేసు ఇది. మామిడికుదురు దగ్గర ఒక రైతు కొబ్బరితోట పక్కన ఒకాయన రొయ్యల చెరువు తవ్వారు. ఉప్పునీరు మట్టిలోంచి ఊరి, తోట దెబ్బతింటోందని రైతు తరపున మేం దావా వేశాం. ఉప్పూ లేదు గిప్పూ లేదు, నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయని చెప్పడానికి చెరువు ఆయన తన పక్కింటి తాతగారిని సాక్షిగా తెచ్చారు. వయసైన మనిషి, ఊళ్ళో మంచి పేరు. ఆయన మాట నిలబడితే మా రైతు తోట పోయినట్టే. ఆ క్రాస్‌లో నేను నోరు పెగలక నుంచుంటే నేనూ పోయినట్టే.

సరే, చివరిసారి కదా, లాయరులాగే చేద్దామనుకున్నాను. మధ్యాహ్నం పూట ఆవిడ ఇంటి వెనక కొబ్బరితోటలోకి వెళ్ళి, ఒక చెట్టు ఎంచుకుని, అదే సాక్షి అనుకున్నాను. నాలో ఉన్న గొంతంతా కూడగట్టి, వేలు చూపించి అరిచాను. "మీరు చెప్పేదంతా అబద్ధం! మీరు దాస్తున్నారు! ఒప్పుకోండి!"

చెట్టు పైన కొబ్బరికాయల దింపు తీసే ఆయన ఉన్నాడని నాకేం తెలుసు. సరసరా దిగి, నడుముకు కత్తితో నా ఎదురుగా నుంచున్నాడు. "ఏం దాచేనండీ నేను? గెలలన్నీ కిందే పడున్నాయి కదండీ. లెక్క చూసుకోండి" అన్నాడు. నేను చెప్పబోతే మళ్ళీ గాలే వచ్చింది. అది చూసి ఆయనకు అనుమానం ఇంకా ముదిరింది. తిన్నగా వసారాలోకి వెళ్ళి, "మీ కుర్రలాయరు గారు నన్ను దొంగన్నారండి" అని ఆవిడ ముందు కూలబడ్డాడు. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన దింపిన బొండమే ఆయనకిచ్చి, నాచేత సంగతంతా చెప్పించి సముదాయించేసరికి పొద్దుగూకింది. చివరికి ఆయనా నవ్వాడు. వెళ్తూ వెళ్తూ, "ఈసారి అరిచేటప్పుడు పైకి చూసుకుని అరవండి బాబూ" అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆవిడ అడిగారు. "అరిచేవు కదా. చెట్టు దిగేడు. నిజమేమైనా చెప్పేడా?"

"లేదండి. బాధపడ్డాడండి."

"సాక్షి కూడా అంతే బాబూ. అటు కూచో."

నేను పేము కుర్చీలో కూచున్నాను. "నువ్వు ఆ తాతగారివి. పొద్దున్నే లేచేవు. ఏం చేస్తావు?" అన్నారు.

"మొహం కడుక్కుంటానండి."

"ఏ నీళ్ళతో?"

"నూతి నీళ్ళతోనండి."

"తరవాత?"

"కోడలు టీ ఇస్తుందండి."

"ఏ నీళ్ళతో పెట్టింది?"

"అది కనుక్కోలేదండి" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. దగ్గుమాత్ర వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. తాతగారి ఇంటి పెరట్లో నుయ్యి ఉంది. గిలకకు తాడు లేదు. ఆ వరస ఇళ్ళ ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని పంచాయతీ కుళాయి దగ్గర నుంచున్నారు. నేను ఎవరినీ ఏమీ అడగకుండా తిరిగొచ్చాను.

సాక్షి బోనెక్కిన రోజు లాయరమ్మ గారు దగ్గుతూనే వచ్చి నా వెనక కూచున్నారు. మొదటి ప్రశ్న అడిగితే, "వినబడట్లేదు, గట్టిగా అడగండి" అన్నారు జడ్జీ గారు. తాతగారు కూడా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నాకో ఊపిరి అందింది. ఆయనకూ సరిగ్గా వినబడదు, నాకూ సరిగ్గా మాట రాదు. దగ్గరికి వెళ్ళి అడగడానికి అనుమతి తీసుకుని బోను పక్కకు వెళ్ళాను. ఆయన వంగి నాకు చెవి ఇచ్చారు.

"తాతగారూ, మీ ఇంట్లో నుయ్యి ఉందాండీ?"

"ఎందుకు లేదు బాబూ. మా నాన్న తవ్వించిన నుయ్యి."

"నీళ్ళు బాగుండేవాండీ?"

"కొబ్బరినీళ్ళలా ఉండేవి. పెళ్ళిళ్ళకి ఊరంతా పట్టుకెళ్ళేవారు."

"పొద్దున్న టీ ఏ నీళ్ళతో పెడతారండి?"

"కుళాయి నీళ్ళు బాబూ. కోడలు తెస్తాది."

"నూతి నీళ్ళతో పెట్టరాండీ?"

"ఎలా పెడతారు బాబూ, నోట్లో పెట్టుకోలేం. చెరువులు వచ్చేక..." అని ఆగిపోయారు. చెరువు ఆయన వైపు చూశారు. తరవాత తల దించుకుని, "ఉప్పు బాబూ" అన్నారు.

నేను వెనక్కి వచ్చి కూచున్నాను. బల్ల గుద్దలేదు. ఎవరి కలమూ ఎగరలేదు. నాకు సంతోషం కన్నా ముందు ఆ తాతగారిని చూస్తే జాలేసింది. లాయరమ్మ గారు అది కనిపెట్టినట్టున్నారు, "వెళ్ళి ఆయనకి టీ ఇప్పించు" అన్నారు. టీ తాగుతూ ఆయన నా భుజం తట్టారు. కోపం లేదు.

సాయంత్రం ఆఫీసులో, బాగా చేశానంటారేమోనని చుట్టూ తిరిగాను. ఆవిడ దగ్గర ఆ మాట దొరకదు. "పర్లేదు" అన్నారు. కాసేపాగి, "అరిచుంటే అబద్ధాన్ని గట్టిగా పట్టుకునేవారు పెద్దాయన. నువ్వు మంచినీళ్ళడిగేవు. మంచినీళ్ళడిగితే ఎవరు లేదంటారు బాబూ" అన్నారు.

కేసు తీర్పుదాకా పోలేదు. రెండువైపులా రాజీపడ్డారు. చెరువు ఆయన గట్టు వెనక్కి జరుపుకుని, మధ్యలో నీరు లాగే బోదె కాలువ తవ్వించారు. మా మావయ్య కొట్టుకు నేను వెళ్ళలేదు. ఎందుకు మానలేదని లాయరమ్మ గారు ఎప్పుడూ అడగలేదు. వాయిదాలు అడగడం మాత్రం నాకు ఇంకో ఏడాదికి గానీ రాలేదు. మా అమ్మ ఇప్పటికీ నన్ను చూసి, "ఆవిడ గొంతే వీడికీ వచ్చింది, నా గొంతు రాలేదు" అని చెప్పుకుంటుంది. అది ఫిర్యాదో గర్వమో నాకు తెలియదు.

లాయరమ్మ గారిని సమాధుల తోటలో వాళ్ళ నాన్నగారి పక్కనే ఉంచారు. తరవాత ఇంటి దగ్గర ఓదార్పు ప్రార్థనకని ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక గుమాస్తా గారు వచ్చినవాళ్ళందరికీ బొండాలు కొట్టించారు. "ఆవిడ ఇంటికొచ్చి ఊరికే వెళ్తారాండీ" అన్నారాయన. జనం ఎక్కువై కుర్చీలు చాలలేదు. ఎవరో వసారాలోంచి పేము కుర్చీ తెచ్చి పందిట్లో వేశారు. మా ఆఫీసువాళ్ళు ఎవరూ దాంట్లో కూచోలేదు. ఊరికే కూచునే కుర్చీ కాదు కదా అది.

కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన మాత్రం చక్కగా కూచున్నారు. బొండం అందుకున్నారు. పక్కనున్న నన్ను చూసి, "గుర్తుపట్టలేదాండీ? నేను మీ పార్టీని కాదండి. అవతలి పార్టీనండి. రొయ్యల చెరువు" అన్నారు.

నేను లేచి దండం పెట్టాను. ఆయన కూచోమని సైగ చేశారు. "రావాలనిపించిందండి. ఆ దావాలో ఆవిడ నా మీద ఒక్క ఎగతాళి మాట రాయలేదండి. మా లాయరు గారే రాసేరు, అవతలోళ్ళ మీద. చదివించుకుంటే నాకే సిగ్గేసిందండి" అన్నారు. బొండం సగం తాగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "మీరే కదండీ ఆ తాత చెవిలో అడిగిన లాయరు గారు? ఒక్క మాట అడుగుతానండి. మా మనవరాలు లా చదువుతానంటాదండి. నోట్లో నాలుక లేని పిల్లండి. ఊళ్ళో అందర్నీ అడిగేను, పనికిరాదన్నారండి. మీరేమంటారండీ? మీరేం చెబితే అదేనండి."

చాలా ఏళ్ళ కిందట ఇదే ఇంట్లో మా అమ్మ నిలబడిన చోటు నాకు కనబడుతోంది. చదివించండని ఒక్క మాట అనేస్తే ఆయన సంతోషంగా వెళ్ళిపోయేవారు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన కూచున్న కుర్చీ చూశాను.

"మీరు ఆ అమ్మాయండి" అన్నాను. "ఆ అమ్మాయి ఎలా చెబుతుందో అలా చెప్పండి. నేను వింటాను."

"నేనాండీ? అదై చెప్పాలాండీ?"

"ఆయ్."

ఆయన నవ్వబోయి మానేశారు. బొండం వైపు చూసుకున్నారు. పందిట్లో జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, గుమాస్తా గారు ఖాళీ బొండాలు ఏరుతున్నారు. నేను తొందరపెట్టలేదు.

"తాతా" అన్నారు చివరికి, బాగా సన్నటి గొంతుతో. "ఊళ్ళో అందర్నీ అడిగేవు కదా. నన్ను అడగలేదేం?"

బొండం ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. మిగతాది వినడానికి నేను నా కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాను.